పోటీ పరీక్షల ప్రత్యేకం: కామారెడ్డి మీద చందమామ

పున్నమి నాడు కామారెడ్డిలో పొద్దు గూకే వేళకే తూర్పున నిండు చంద్రుడు పైకొస్తాడు. ఆ మర్నాటి నుంచి రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యం.

• అమావాస్య: సూర్యుడితోపాటే ఉదయించి, అస్తమిస్తాడు, కనిపించడు.
• శుక్ల అష్టమి: దాదాపు మిట్టమధ్యాహ్నం ఉదయించి అర్ధరాత్రి అస్తమిస్తాడు.
• బహుళ అష్టమి: అర్ధరాత్రి ఉదయించి మధ్యాహ్నానికి అస్తమిస్తాడు.
• భూమి చుట్టూ ఒక పరిభ్రమణం: 27.3 రోజులు. అమావాస్య నుంచి అమావాస్యకు: 29.53 రోజులు. ఈలోగా భూమి సూర్యుడి చుట్టూ ముందుకు జరగడమే తేడాకు కారణం.
• ఎల్లారెడ్డి కామారెడ్డికి పడమర ఉంది. ఒక్కో రేఖాంశానికి సుమారు 4 నిమిషాల తేడా. కాబట్టి అక్కడ చంద్రోదయం దాదాపు ఒక నిమిషం ఆలస్యం.

ప్రశ్న: ఎల్లారెడ్డిలో ఉదయం పదింటికి పడమటి ఆకాశంలో సగం చంద్రుడు కనిపిస్తే అది ఏ పక్షం?
జవాబు: బహుళ పక్షం.