పెన్న కలిసే చోట

నీటి విలువ నీరు కరవైన సీమలో పుట్టినవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. తీరిక విలువ జీవితమంతా శ్రమించినవారికే తెలుస్తుంది. ఈ రెండింటినీ ఒకే దినాన అనుభవించిన వృద్ధ దంపతుల కథ ఇది.

ఆయన కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతంలో 35 సంవత్సరాలు ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. పెండ్లయిన కొత్తలో "నీకు సముద్రం చూపిస్తాను" అని భార్యకు మాట ఇచ్చాడు. చెల్లెళ్ల పెండ్లిండ్లు, పిల్లల చదువులు, వరుస కరవులు ఆ మాటను ఏటికేడు వెనక్కు నెట్టాయి. పదవీ విరమణ చేసిన మరుసటి మాఘమాసంలో దంపతులిద్దరూ నెల్లూరు మీదుగా మైపాడు తీరం చేరుకున్నారు.

మైపాడునే ఎంచుకోవడానికి కారణం ఉన్నది. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టిన పెన్న సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి, మైపాడుకు ఉత్తరాన ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. అది గండికోట కొండలను చీల్చుకొని వారి ప్రాంతం మీదుగానే సాగుతుంది. కర్నూలు సీమలో పుట్టిన కుందేరు కడప జిల్లాలో దానితో కూడుతుంది. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నందువల్ల ఆ సీమకు వాన తక్కువ. ఏడాదిలో అధికభాగం పెన్నలో ఇసుకే కనిపిస్తుంది. అదే పెన్నకు ఉపనది అయిన చెయ్యేరు 2021 నవంబరులో పొంగి, అన్నమయ్య జలాశయం కట్ట తెగి, ఊళ్లను ముంచివేసింది.

ఆమె బాల్యంనుంచి ఎరిగిన పెన్న ఒక చెలమ. ఇసుక తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి, కడవ నింపి నెత్తిన పెట్టుకొని ఇంటికి నడవడమే ఆమె దినచర్య.

తీరంలో తొలి అల పాదాలను తడపగానే ఆమె ఉలిక్కిపడింది. చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్లున్నాయి. ఒక్క కడవ కూడా మోయనక్కరలేదు కదండీ!" అన్నది.

ఆ మాట ఆయన మనస్సును తాకింది. జలచక్రం పాఠాన్ని ఎందరో పిల్లలకు బోధించాడు. తన ఇంటికి రోజూ ఎన్ని కడవల నీళ్లు వస్తున్నాయో, ఎవరి తలమీద వస్తున్నాయో ఒక్కనాడూ ఆలోచించలేదు.

మధ్యాహ్నం సరుగుడు చెట్ల నీడలో సద్దిమూట విప్పారు. జొన్నరొట్టెలు, చెనక్కాయల ఊరిబిండి తిన్నారు. జాలరులు పడవలను ఒడ్డుకు లాగడం చూస్తూ కూర్చున్నారు. పనేమీ లేని దినం ఆమెకు అదే మొదటిది.

సాయంకాలం ఆయన మెల్లగా, "ఇకనుంచి నీళ్లు నేను తెస్తాను" అన్నాడు.

ఆమె నవ్వింది. "ఇప్పుడు ఇంట్లోకే కొళాయి వచ్చింది కదా! ముప్పై ఏళ్ల కిందట అనవలసిన మాట అది." కొంతసేపటికి మళ్లీ తానే, "పోనీలెండి. మన పెన్న కూడా ఇక్కడికి ఆలస్యంగానే వస్తుంది. అయినా వస్తుంది కదా" అన్నది.

తీరిక చిక్కినప్పుడే మనిషికి తనవారి శ్రమ కనబడుతుంది. అయితే అది కనబడడానికి పదవీ విరమణ వరకు వేచి ఉండనక్కరలేదు.

ప్రశ్నలు
1. పెన్నానది స్వభావాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. భార్య మాట ఉపాధ్యాయుని మనస్సును ఎందుకు తాకింది?
3. మీ ఇంటికి నీరు ఎక్కడినుంచి, ఎవరి శ్రమతో వస్తున్నదో పెద్దలనడిగి పది వాక్యాలు రాయండి.