వ్యర్థం నుండి వజ్రలేపం

క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన 'బృహత్సంహిత'లో వజ్రలేపమనే బంధకద్రవ్యాన్ని వివరించాడు. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు మొదలైనవాటిని నీటిలో వేసి, ఎనిమిదోవంతు మిగిలేవరకు మరిగించి, అందులో గుగ్గిలం వంటి ద్రవ్యాలను కలపాలన్నాడు. ఫలపుష్పాదుల నుండి జిగురు తీసే విద్య మనకు కొత్త కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఆ విద్యకు సజీవ నిదర్శనం కొండపల్లి. అక్కడి శిల్పులు తెల్లపొణికి కర్రతో బొమ్మ అవయవాలను వేరువేరుగా చెక్కి, 'మక్కు'తో అతుకుతారు. చింతపండు తీయగా మిగిలిన గింజల పొడిని ఉడికించి, రంపపుపొట్టు కలిపితే మక్కు సిద్ధమవుతుంది. చింతగింజలోని పిండిపదార్థం కర్ర రంధ్రాలలోకి చొచ్చుకొనిపోయి, ఆరినకొద్దీ గట్టిపడుతుంది. పారవేయదగిన గింజ, పొట్టు కలిసి బొమ్మకు ప్రాణం పోస్తున్నాయి.

అయితే ఈ జిగురు నీటికి కరుగుతుంది. చెమ్మ తగిలితే బూజు పడుతుంది. అందుకే ప్లైవుడ్ పరిశ్రమ యూరియా-ఫార్మాల్డిహైడ్ వంటి కృత్రిమ జిగురులను ఆశ్రయించింది. అవి చౌకైనవి, దృఢమైనవి. కాని వాటి నుండి ఫార్మాల్డిహైడ్ వాయువు మెల్లమెల్లగా వెలువడుతూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2004లో దానిని మానవులలో కేన్సర్ కలిగించే పదార్థంగా నిర్ధారించింది. ఇంటికి అందమిచ్చే బల్ల, దానిని చేసిన వడ్రంగి ఊపిరికి చేటు కారాదు కదా!

ఈ చింతనే శాస్త్రజ్ఞులను మళ్లీ పొలం వైపు నడిపించింది. చెరకుపిప్పిలో, వరిగడ్డిలో లిగ్నిన్ ఉంటుంది. మొక్కలోని నారలను బంధించి నిలబెట్టేది అదే. పలాస వంటి జీడిపప్పు కేంద్రాలలో మిగిలే పిక్కల పెంకుల నుండి నూనె లభిస్తుంది. ఈ రెండూ జిగురు తయారీలో ఫినాల్‌కు కొంతవరకు ప్రత్యామ్నాయాలు. అమెరికాలో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కైచాంగ్ లీ, సముద్రపు అలల తాకిడికీ చెక్కుచెదరక శిలలను అంటిపెట్టుకొనే ఆల్చిప్పలను పరిశీలించి, సోయాపిండితో జిగురును రూపొందించాడు. ఫార్మాల్డిహైడ్ కలపని ఆ జిగురుతో 2005 నుండి ప్లైవుడ్ తయారవుతున్నది.

నీటిని తట్టుకోవడం, ధర తగ్గడం — ఈ రెండు పరీక్షలలోనూ నెగ్గినప్పుడే మొక్కల జిగురు ప్రతి వడ్రంగి చేతికీ అందుతుంది. అప్పుడు రైతు తగులబెట్టే గడ్డికీ విలువ చేకూరుతుంది. ప్రకృతిలో వ్యర్థమన్నది లేదు. దాని ప్రయోజనాన్ని గుర్తించని దృష్టే ఉన్నది.

అర్థాలు
బంధకద్రవ్యం = అతికించే పదార్థం
నిదర్శనం = ఉదాహరణ
చేటు = కీడు

ప్రశ్నలు
1. మక్కును ఎట్లా తయారుచేస్తారు?
2. కృత్రిమ జిగురులవల్ల కలిగే మేలు, కీడులను వివరించండి.
3. 'ప్రకృతిలో వ్యర్థమన్నది లేదు' — పాఠం ఆధారంగా సమర్థించండి.