వేకువ వంతు

గోదావరీ మండలమున తెల్లవారుజాము నిశ్శబ్దముగా గడచునది కాదు. లోకమెల్ల నిద్రించుచున్నదని మనము తలచు ఆ వేళ వేలకొలది జనులు మేలుకొని పనులకు బయలుదేరుచుందురు. అంతర్వేది తీరమున జాలరులు వలలు సర్దుకొని పడవ లెక్కుదురు. కడియము తోటలలో పూలు కోయువారు సూర్యుడు పొడవక మునుపే మొక్కల నడుమ నుందురు. పాలు పితుకువారు, పత్రికలు పంచువారు, వీధులు ఊడ్చువారు అప్పటికే సగము పని ముగింతురు. మిల్లుల ద్వారముల యొద్ద రాత్రి పనివారు వెలుపలికి, ఉదయపు పనివారు లోపలికి నడచుచుందురు.

వీరిలో ఒక్కడు ఒకనాడు నిద్ర లేవకపోయినచో నేమగును? ప్రశ్న చిన్నదే. కాని దానికి సమాధానము వెదకినచో, ఒకరి నిద్ర మరియొకరి మెలకువతో నెట్లు ముడిపడి యున్నదో తెలియగలదు.

గడియారము లింటింటికి రాని కాలమున మనవారు రాత్రిని నాలుగు జాములుగా విభజించుకొనిరి. జామనగా మూడు గంటలు. దినమునకు అరువది ఘడియలు. ఒక్కొక్క ఘడియ 24 నిమిషములు. ‘గడియార’మను మాట ఈ ‘ఘడియ’ నుండియే పుట్టినది. కడపటి జాము తెల్లవారుజాము. తూర్పున వేగుచుక్క కనబడు దినములలో దానిని చూచియు, కనబడని దినములలో తొలికోడి కూత వినియు రైతు లేచెడివాడు. మబ్బు పట్టిన రాత్రి చుక్క లుండవు. కోడి సయితము ఒక్కొక్కప్పుడు వేళగాని వేళ కూయును. అందుచే మెలకువ వచ్చినవాడు ఇరుగుపొరుగువారిని పిలిచి లేపుట పల్లెలలో వాడుక.

ఈ వాడుకకు డెల్టాలో మరియొక కారణము కూడ కలదు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847లో ప్రారంభమైన ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైనది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నిర్మింపబడిన ఆ కట్ట గోదావరి జలమును కాలువలకు మరల్చినది. కాలువ నీరు ఏ ఒక్కరి సొత్తును కాదు. సార్వా కాలమున నది నిండుగా పారునపుడు చిక్కు లేదు. దాళ్వా కాలమున నీరు తగ్గినపుడు మాత్రము కాలువలకు వంతులు వేయుదురు. తన వంతు వచ్చినపుడు రైతు పార భుజమున వేసికొని, అర్ధరాత్రియైనను వేకువయైనను గట్టుమీదికి పోవలెను. ఆ వేళ ఆదమరచి నిద్రించినచో నీరు తన మడి దాటి ముందునకు పోవును. పొట్టమీది పైరు మరల వంతు వచ్చువరకు ఎండను భరింపవలసి వచ్చును. గండి పూడ్చుట మరచి నిద్రించినచో తన మడి మునుగును, దిగువవాని చేను ఎండును. ‘వంతు’ అను మాటలో హక్కును బాధ్యతయు రెండును గలవు.

తరువాత రైలు వచ్చినది. రాజమహేంద్రవరము కడ గోదావరిపై తొలి రైలు వంతెన 1900లో తెరువబడెను. రైలు వేగుచుక్క కొరకు వేచియుండదు. ఊరికొక కాలమున్నచో రైళ్ళు నడువజాలవు గనుక, దేశమంతటికి ఒకే కాలము కావలసి వచ్చెను. 1906 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారత ప్రామాణిక కాలమునకు ఆధారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. ఆ రేఖ కాకినాడకు కొంచెము తూర్పుగా, తుని పట్టణమునకు చేరువగా పోవుచున్నది. అనగా యావద్భారతపు గడియారమును నడపు రేఖ పూర్వపు తూర్పు గోదావరి జిల్లా నేలమీదనే కలదు. అందువలన రాజమహేంద్రవరమున సూర్యుని సగటు కాలమునకును గడియారమునకును భేదము సుమారు మూడు నిమిషములే. పడమటి కొననున్న ద్వారకలో ఆ భేదము దాదాపు ఒక గంట.

రైలు వెంట యంత్రశాలలు వచ్చినవి. రాజమహేంద్రవరమున కాగితపు పరిశ్రమ 1924లో ప్రారంభమై క్రమముగా వృద్ధి నొందినది. కాగితము చేయు యంత్రమును సాయంకాలము ఆపి మరల ఉదయమున నడుపుట లాభకరము కాదు. వెదురు మొదలైన కఱ్ఱ నుడికించి తీసిన గుజ్జు నీటితో కలసి తీగజల్లెడపై పరచుకొనును. అచట నీరు జారిపోగా, ఆ తడిపొర రోలర్ల నడుమ నొత్తబడి, ఆవిరితో కాగిన సిలిండర్లపై ఆరి, కాగితమై చుట్టుకొనును. నడుమ పొర తెగినచో పనివారు వెంటనే సరిచేయవలెను. రేయింబవళ్ళు యంత్రము నడువవలెనన్నచో మనుష్యులు వంతులు మారవలసినదే. ఇట్టి పరిశ్రమలలో తరచుగా ఉదయము 6 గంటలకు, మధ్యాహ్నము 2 గంటలకు, రాత్రి 10 గంటలకు షిఫ్టులు మారుచుండును.

ఇపుడొక మిల్లును ఊహించుకొందము. ఉదయము 6 గంటలైనది. రాత్రి 10 గంటలనుండి యంత్రము కడ నిలిచిన పెద్దవాడొకడు ద్వారమువైపు చూచుచున్నాడు. అతనిని విడిపింపవలసిన యువకుడు రాలేదు. యంత్రమును విడిచిపోవుటకు వీలులేదు. ఏడైనది, ఎనిమిదైనది. కన్నులు మూతలు పడుచున్నవి. చేతికి కొలది దూరమున రోలర్లు తిరుగుచున్నవి. ఎనిమిదిన్నరకు యువకుడు రొప్పుచు వచ్చి, “బాబాయిగారూ! రాత్రి పిల్లవానికి జ్వరము. మూడు గంటలవరకు కూర్చొనియే యుంటిని. తరువాత కన్ను మూసితిని, మరల తెలియలేదు. క్షమింపుడు” అనెను.

పెద్దవాడు కొంతసేపు మాటలాడలేదు. పిదప, “నాయనా! పిల్లవాడెట్లున్నాడు?” అని అడిగెను. “తగ్గినది” అని తెలిసిన తరువాత, “మంచిది. కాని మూడు గంటలకు మేలుకొనియుంటివి కదా! ఆలస్యమగునని ఒక్క కబురంపినచో మేస్త్రీ మరియొకని నియమించియుండును. నీ నిద్రకు నాకు కోపము లేదు. నేను కునికియుండినచో నా చేయి పోవును. అది నీకు తెలియవలెనని చెప్పుచున్నాను” అనెను.

ఈ మాటలలో న్యాయమున్నది. నిద్రపట్టుట నేరము కాదు; తన కొరకు వేచియున్న మనిషిని తలపకుండుటయే లోపము. అదనముగా చేసిన పనికి కూలి దొరకవచ్చును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము అట్టి పనికి రెట్టింపు కూలి నిర్ణయించినది. కాని పోయిన నిద్రను కూలితో కొనలేము.

నిద్రపై మనకు పూర్తి అధికారము లేదనుటకు శాస్త్రము సాక్ష్యము చెప్పుచున్నది. 1729లో డి మెరాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో నుంచెను. మన కాలువగట్లపై ముట్టుకొనగనే ముడుచుకొను మొక్క యిదే. వెలుతురు లేకున్నను దాని ఆకులు పగటివేళ విచ్చుకొని రాత్రివేళ ముడుచుకొనుచుండెను. ప్రాణుల లోపల నొక గడియారమున్నదని తరువాత నిశ్చయమైనది. ఆ గడియారము కణములలో నెట్లు నడచునో పండ్ల ఈగలపై పరిశోధించి తెలిపిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమానము లభించెను. మనుష్యునిలో దీనికి కేంద్రము మెదడు అడుగున, కన్నుల నుండి వచ్చు నరములకు చేరువగా నున్నది. ఉదయపు వెలుతురు దానిని ప్రతిదినము సరిచేయును. సుమారు మూడు గంటలకును అయిదు గంటలకును నడుమ శరీరపు వేడి తగ్గి, నిద్రమత్తు మిక్కుటమగును. ఉదయపు షిఫ్టు పనివాడు మేలుకొనవలసినది సరిగా ఆ వేళకే. ఒక వారము పగలు, మరియొక వారము రాత్రి పనిచేయువానికి లోపలి గడియారము గోడమీది గడియారముతో పొసగదు. పెద్దలకు ఏడు గంటలైనను, మీ యీడువారికి ఎనిమిది మొదలు పది గంటలైనను నిద్ర కావలెను. తగ్గిన నిద్ర బాకీవలె పెరిగి, ఒకనాడు వేకువజామున వసూలు చేసికొనును.

ఈ చిక్కును ఇతర దేశములవారును ఎరుగుదురు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు మిల్లు పట్టణములలో కార్మికులను లేపుటకే కొందరు జీతమునకు కుదిరెడివారు. వారు పొడుగాటి కఱ్ఱలతో మేడ కిటికీలను తట్టి, లోపలివాడు లేచినట్లు తెలిసినపిమ్మట ముందునకు పోయెడివారు. లండనులో ఒక స్త్రీ గొట్టముతో బఠాణీగింజలను కిటికీపైకి ఊది లేపెడిది. మన రైల్వేలలో సయితము డ్రైవర్లను, గార్డులను ఇంటికి పోయి లేపుటకు ‘కాల్ బాయ్’ అను ఉద్యోగి యుండెడివాడు. అర్ధరాత్రి లాంతరు పట్టుకొని వచ్చి అతడు తలుపు తట్టుటవలననే రైలు వేళకు కదలెడిది. మేలుకొనుట ఒక్కని భారమే కాదని ఆ సంస్థ గుర్తించినది.

కాని యజమానులందరు ఎల్లప్పుడు ఇట్లు తలపలేదు. పూర్వము పనిదినము మిక్కిలి దీర్ఘము. 1911 నాటి చట్టము బట్టల మిల్లులలో పురుషుల పనికి పండ్రెండు గంటల హద్దు పెట్టుటయే గొప్ప మేలుగా తోచినది. 1918లో చెన్నపట్టణమున బి. పి. వాడియా అధ్యక్షతన మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడినపుడు, భోజనమునకు ఇచ్చు అరగంట చాలదనుట కార్మికుల ముఖ్యమైన మొఱలలో నొకటి. 1922లో పనిదినము పదునొకండు గంటలకు, 1934 చట్టముతో పది గంటలకు, 1946 సవరణ చట్టముతో తొమ్మిది గంటలకు తగ్గెను. వారమునకు హద్దు నలువదియెనిమిది గంటలయ్యెను. ఈ సంఖ్యలలో తగ్గిన ప్రతి గంటయు కార్మికునికి నిద్రగా, బిడ్డలతో గడపు కాలముగా మిగిలినది.

ఆలస్యమునకు శిక్ష యెంత యను ప్రశ్నకును చట్టము సమాధానము చెప్పినది. పది నిమిషములు ఆలస్యమైనవానికి అరదినపు కూలి తీసివేయుట న్యాయమా? 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము, పనికి రాని కాలమునకు తగినంతకు మించి కూలి తగ్గింపరాదని సామాన్య నియమము చేసినది. పది నిమిషములు పోయినచో పది నిమిషముల కూలియే పోవలెను. తప్పునకు తగిన కొలత యుండవలెనను ధర్మము ఇందు కలదు.

విద్యార్థులారా! మీలో కొందరి తండ్రులో తల్లులో వేకువ వంతులకు పోవువారే యుందురు. వారికి మీరు చేయదగిన సాయము కలదు. రాత్రి పనిచేసి వచ్చినవారు పగలు నిద్రించునపుడు ఇంటిలోను వీథిలోను సద్దు తగ్గింపుడు. ఉత్సవములలో ధ్వనివర్ధకమును పెట్టునపుడు ఆ ప్రక్క యింట రాత్రంతయు మేలుకొన్నవాడొకడు పరుండియుండెనేమోయని తలపుడు. మీరు సయితము బడికో పరీక్షకో వేకువనే లేవవలసినచో ముందునాడే పుస్తకములు, బట్టలు సర్దుకొనుడు, పెందలకడ పరుండుడు, గడియారమును చేతికందని చోట నుంచుడు, లేచిన వెంటనే కిటికీ తెఱచి వెలుతురు చూడుడు. ఇంత చేసినను ఒకనాడు ఆలస్యము కావచ్చును. అపుడు సాకులు వెదకక, ఎవరు మీకొరకు వేచియున్నారో వారికి ముందుగా కబురు చేయుడు.

అట్లే వేళకు రానివానిని చూచినపుడు ‘సోమరి’ యని తొందరపడి పలుకవలదు. రాత్రి యతని యింట నేమి జరిగినదో, ఎన్ని దినముల నిద్ర అతనికి బాకీ యున్నదో విచారింపుడు. కాలువగట్టున తన వంతు నీరు తీసికొని, వేళ కాగానే దిగువవానిని పిలిచి లేపి ఇంటికి పోవు రైతువలె మనమును మెలగినచో, ఎవని చేనును ఎండదు, ఎవడును ఒంటరిగా మేలుకొని యుండనవసరము లేదు.