పసికందు పేగు ఆపరేషన్‌కు ముందు నర్సు పని... ఇదో మంచి కెరీర్

పుట్టిన బిడ్డ ఆకుపచ్చగా కక్కుతోంది. పొట్ట ఉబ్బింది. 24 గంటలు దాటినా మొదటి నల్లమలం పోలేదు. పేగుల్లో అడ్డు ఉందేమోనని అనుమానించాల్సిన లక్షణాలివి. బోథ్ దవాఖానకు ఇలాంటి బిడ్డ వస్తే ఆదిలాబాద్ రిమ్స్‌కు, అవసరమైతే అక్కడి నుంచి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ నిలోఫర్‌కు పంపాలి. ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా బిడ్డను కాపాడుకునేది నర్సే.

పని ఎలా ఉంటుంది?

నోటికి చుక్క కూడా ఇవ్వకూడదు. పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, వచ్చే పసరు ఎన్ని మిల్లీలీటర్లు, ఏ రంగు అన్నది ఎప్పటికప్పుడు రాయాలి. ఎంత ద్రవం ఎక్కించాలో డాక్టర్ ఆ అంకెలు చూసే నిర్ణయిస్తారు. తడిసిన డైపర్‌ను తూచి పొడి డైపర్ బరువు తీసేస్తే, గ్రాముకు ఒక మిల్లీలీటరు చొప్పున మూత్రం లెక్క తేలుతుంది. మూడు కిలోల బిడ్డకు అది గంటకు 3 మి.లీ. కంటే తగ్గితే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఒంటి వేడి 36.5-37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. రక్తంలో చక్కెర చూస్తుండాలి. విటమిన్-కె ఇంజక్షన్ పడిందో లేదో ఖాయం చేసుకోవాలి. పేగు చివర నరాల కణాలు లేక మలం కదలని హిర్ష్‌స్ప్రంగ్ జబ్బులో పేగు కడగడానికి గోరువెచ్చని నార్మల్ సెలైనే వాడాలి. మామూలు నీళ్లు పేగులోంచి ఒంట్లోకి ఇంకితే సోడియం పడిపోతుంది.

ఏడుస్తున్న బిడ్డ నోట్లో తేనె చుక్క వేయబోయే అమ్మమ్మను ఆపడమూ, పాలు పిండి దాచమని తల్లికి నచ్చజెప్పడమూ ఈ పనిలో భాగమే. గోండి, మరాఠీ, లంబాడీ మాట్లాడగల బోథ్ విద్యార్థులకు ఇక్కడే అదనపు బలం.

ఏం చదవాలి?

ఇంటర్ బైపీసీ తర్వాత బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జీఎన్‌ఎం మూడేళ్లు, దీనికి ఇతర గ్రూపుల వారూ అర్హులే. చదువయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు తప్పనిసరి. ఆపై నవజాత శిశు నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా, లేదా బీఎస్సీ చేసినవారైతే రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చైల్డ్ హెల్త్ ఎంచుకోవచ్చు.

ఉద్యోగాలెక్కడ?

రాష్ట్రంలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులను వైద్యారోగ్య నియామక బోర్డు భర్తీ చేస్తుంది. బీబీనగర్ సహా ఎయిమ్స్‌లకు నార్‌సెట్ అనే ఉమ్మడి పరీక్ష రాయాలి. ప్రైవేటు పిల్లల ఆసుపత్రులు సరేసరి.

నైట్ డ్యూటీలో అంకెలు రాయడం విసుగనిపించేవారికి ఈ విభాగం పడదు. ఆసక్తి ఉంటే చివరి ఏడాది పోస్టింగ్ నవజాత శిశు వార్డులో అడిగి మరీ వేయించుకోండి. ఇంటర్వ్యూలో ఆ అనుభవమే పనికొస్తుంది.