రెండవ గాయం



వైద్యంలో పొరపాటు జరిగితే శరీరానికి తగిలేది మొదటి గాయం. “ఏమి జరిగింది?” అని అడిగిన వారికి జవాబు చెప్పకపోవడం, కసురుకోవడం, తప్పంతా రోగిదే అన్నట్లు మాట్లాడటం వలన మనసుకు తగిలేది రెండవ గాయం. దీనిని మాన్పే బాధ్యత ఎవరిది? ఈ వారం కుటుంబమంతా కూర్చుని ఆలోచిద్దాం.

2002 జూలైలో మలేరియా శాఖ అధికారి ఒకరు చలిజ్వరంతో ఉన్న తన భార్యను హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించారు. అక్కడ టైఫాయిడుకు మందులిచ్చారు గాని మలేరియాకు ఇవ్వలేదు. పరిస్థితి విషమించాక మరొక ఆసుపత్రికి తరలించగా ఆమె మరణించింది. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షల రూపాయల పరిహారం ఇమ్మన్నది. నిపుణుల సాక్ష్యం లేదంటూ పై కమిషన్లు భర్త ఫిర్యాదును త్రోసిపుచ్చాయి. చివరకు 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుని సాక్ష్యం అవసరం లేదని స్పష్టం చేసింది. దాదాపు ఎనిమిదేళ్లు! పరిహారం జరిగిన నష్టానికే గాని, ఆ ఎదురుచూపుకు కాదు గదా.

ఇటువంటి కుటుంబం ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో, కొల్లేటి లంకల్లోనో మన ఇరుగుపొరుగున ఉంటే మనమేం చేయాలి?

మొదటిది, వినాలి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మౌనంగా అతని ప్రక్కన కూర్చున్నారు. అది ఓదార్పు. తరువాత నోరు తెరచి తప్పు అతనిమీదనే మోపారు. మనమూ “అంతా దేవుని చిత్తం” అంటాం, “ముందే పెద్దాసుపత్రికి తీసుకుపోవలసింది” అంటాం. మొదటి మాట నోరు మూయిస్తుంది. రెండవది నేరం మోపుతుంది.

రెండవది, నిజం తెలుసుకోవడానికి తోడు వెళ్లాలి. రోగి లేదా వారి తరఫువారు అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. చదువురాని వారికి అర్జీ వ్రాసిపెట్టండి. వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. ప్రతి మరణమూ పొరపాటు వల్ల జరిగినది కాదు. నిజం తెలిస్తే నిరపరాధి అయిన వైద్యునిపై అనుమానమూ తొలగుతుంది.

మూడవది, మనసుకు చికిత్స చేయించాలి. నిద్ర పట్టకపోవడం, ఆసుపత్రి పేరు వింటేనే వణకడం, భయంతో మందులు మానేయడం పిరికితనం కాదు. ఆసుపత్రిని సమర్థించే వారు గాక, రోగి పక్షాన వినే కౌన్సిలరు కావాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ‘టెలి మానస్’కు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

క్షమించమని తొందరపెట్టవద్దు. జరిగినదేమిటో తెలియనివాడు దేనిని క్షమిస్తాడు? మన విచారణల్లోని వైద్యులకు, నర్సులకు ఒక్క మనవి: పొరపాటు జరిగితే దాచక చెప్పండి, విచారం తెలపండి. ఆ మాట మీరు చెబితేనే రెండవ గాయం తగలకుండా ఉంటుంది.

ఆలోచించండి: ఆసుపత్రి నుండి దుఃఖంతో తిరిగివచ్చిన పొరుగువారి మాట మనం చివరివరకూ విన్నామా?