భుజముపై నక్షత్రములు: సైన్యమున ఏ ద్వారమున ప్రవేశింపవలెను?

చౌటుప్పల్ మీదుగా విజయవాడకు సాగిపోవు రహదారిపైననే యున్న సూర్యాపేటకు చెందినవాఁడై, ఆరవ తరగతిలోనే కోరుకొండ సైనిక పాఠశాలలో చేరి, పిదప నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్.డి.ఏ.)లో శిక్షణము పొంది, 2004లో సేనాధికారియై, 2020 జూన్ 15వ తేదీని గల్వాన్ లోయలో 16వ బీహార్ పటాలమునకు నాయకత్వము వహించుచు వీరమరణ మొందిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు భుజములపై అశోకుని సింహముద్రయు, దానితోఁ గూడ రెండు నక్షత్రములును ప్రకాశించుచుండెడివి. మరణానంతరము మహావీరచక్రము నందుకొన్న ఆ వీరుఁడు ఆ చిహ్నమును చేరుకొన్న మార్గమును మన ప్రాంతపు విద్యార్థులు చక్కఁగా నెఱుఁగవలెనని నా యభిలాష. ఏలయన సైన్యమునందు మొదట ఏ ద్వారమున అడుగిడుదుమో దానిని బట్టియే మన మెక్కవలసిన మెట్లు నిర్ణయింపఁబడుచున్నవి.

సిపాయికి హోదాచిహ్న మేదియు లేదు. లాన్స్ నాయక్‌కు చేతిపై కోణాకారపు పట్టీ యొకటి, నాయక్‌కు రెండు, హవల్దారుకు మూడు. ఆపైన నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ అను జూనియర్ కమిషన్డ్ అధికారులు కలరు. ఇచ్చటనే క్రొత్తవారు పొరపడుదురు: సుబేదారుకును లెఫ్టినెంటుకును నక్షత్రములు రెండే, సుబేదార్ మేజరుకును మేజరుకును సింహముద్ర యొక్కటే, కాని సుబేదారుల భుజముపై నక్షత్రముతోనో ముద్రతోనో పాటు ఒక రంగుపట్టీ యుండును. ఆ సన్నని పట్టీ వెనుక సిపాయిగా ఆరంభించిన దీర్ఘకాలపు సేవ యున్నది. దానిని ఎంతటి అధికారియైనను గౌరవించును.

కమిషన్డ్ అధికారులలో కెప్టెన్‌కు మూడు నక్షత్రములు, మేజరుకు సింహముద్ర, లెఫ్టినెంట్ కర్నల్‌కు ముద్రయు నొక నక్షత్రమును, బ్రిగేడియరుకు ముద్రయు మూడు నక్షత్రములును. జనరళ్లకు అడ్డముగా నమరిన ఖడ్గమును దండమును చేరును. రెండేండ్లకు కెప్టెన్, ఆరేండ్లకు మేజర్, పదుమూడేండ్లకు లెఫ్టినెంట్ కర్నల్ పదవులు కాలక్రమమున లభించును. పటాలమునకు నాయకత్వము వహించు కర్నల్ పదవికి మాత్రము ఎంపిక తప్పదు, ఆ మెట్టుకడ అనేకులు నిలిచిపోవుదురు.

ఇంటర్మీడియట్ చదువువారు, బాలికలతో సహా, యు.పి.ఎస్.సి. ఏటేట రెండుమార్లు జరుపు ఎన్.డి.ఏ. పరీక్షకు సిద్ధపడవచ్చును, సైనిక విభాగమునకు ఏ గ్రూపైనను చాలును, నౌకాదళ వాయుసేనలకు మాత్రము గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము ఉండవలెను. వ్రాతపరీక్ష తరువాత అయిదు దినములు సాగు ఎస్.ఎస్.బి. ముఖాముఖి ఎంపికను కేవలము పుస్తకపఠనముచే గెలుచుట దుర్లభము. పదుగురితోఁ గలసి పని చేయుట, స్పష్టముగ మాటాడుట ఇప్పటినుండియే అభ్యసింపవలెను. పట్టభద్రులకు సి.డి.ఎస్. పరీక్ష కలదు. పదవ తరగతిలో నలువదియైదు శాతము మార్కులు వచ్చి, పదునేడున్నర యేండ్లు నిండినవారు జనరల్ డ్యూటీ అగ్నివీరులుగా చేరవచ్చును. ఐనను అది నాలుగేండ్ల కొలువనియు, పిదప నిలుపుకొనఁబడువారు నూటికి ఇరువదియైదుగురికి మించరనియు తెలిసి చేరుట వివేకము. సిపాయిగా నియతసేవలో నిలిచినవారు ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైనచో, డెహ్రాడూన్‌లోని ఆర్మీ కేడెట్ కళాశాల ద్వారమున అధికారులు కావచ్చును. కావున సైన్యములో చేరినవారు చదువును విడువరాదు.