విండోస్ నుంచి లైనక్స్‌కి మారితే మెసేజీలు ఏమయ్యాయి?

ప్రశ్న: మా మిల్లు బిల్లింగ్ సర్వర్‌ని లైనక్స్‌కి మార్చి, మైఎస్‌క్యూఎల్ బ్యాకప్ ఎక్కించాం. యాక్టివ్‌ఎమ్‌క్యూలో పాత మెసేజీలు కనిపించడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, రాయవరం

జవాబు: ఎక్కడికీ పోలేదండీ. విండోస్‌లో మైఎస్‌క్యూఎల్ టేబుల్ పేర్లను చిన్నక్షరాల్లో దాస్తుంది. లైనక్స్‌కి పెద్దక్షరాలు వేరు, చిన్నక్షరాలు వేరు. బ్రోకర్, అంటే యాక్టివ్‌ఎమ్‌క్యూ, తన టేబుళ్లను పెద్దక్షరాల పేర్లతో వెతికి, దొరక్క, కొత్త ఖాళీ టేబుళ్లు తయారుచేసుకుని కూర్చుంది! కొత్తగా చేరిన మెసేజీలుంటే ముందు అవి ఖాళీ కానివ్వండి. తర్వాత బ్రోకర్‌ని ఆపి, బ్యాకప్ తీసి, కొత్త టేబుళ్లు తొలగించి, పాతవాటి పేర్లు పెద్దక్షరాల్లోకి మార్చండి. మైఎస్‌క్యూఎల్‌లోని ‘లోయర్ కేస్ టేబుల్ నేమ్స్’ సెట్టింగ్ జోలికి పోకండి, 8.0 వెర్షన్ నుంచి డేటాబేస్‌ని మొదట సిద్ధం చేసేటప్పుడు తప్ప అది మారదు. నన్నడిగితే, ఒక్క సర్వరున్న మిల్లుకి మెసేజీలు దాచడానికి మైఎస్‌క్యూఎల్ బదులు బ్రోకర్‌తోపాటే వచ్చే కహాడీబీ చాలు.